మూసీతీరమున ప్రజారోగ్యము: భాగ్యనగర చరిత్రమున నొక విచారణము

ప్రజారోగ్యమను పదము నేఁడు శాసనములందును పత్రికలందును మిక్కిలి వాడుకలో నున్నది. రోగము లేనివాఁడు అరోగుఁడు. అతని భావము ఆరోగ్యము. ప్రజల యారోగ్యము ప్రజారోగ్యము. ఇది షష్ఠీతత్పురుషమని పాఠశాలలోని బాలురును చెప్పఁగలరు. కాని సమాసమున విభక్తి లోపించుటతోడనే పూర్వపదము యొక్క సంఖ్యయు మఱుఁగుపడును. ‘రాజపురుషుఁడు’ అన్నప్పుడు ఒక రాజుయొక్క పురుషుఁడో, పలువురు రాజులయొక్క పురుషుఁడో సమాసము చెప్పదు, ప్రకరణము చెప్పవలెను. వైయాకరణులు దీనినే అభేదైకత్వసంఖ్య యందురు. అట్లే ప్రజారోగ్యమన్నప్పుడు ఆ ప్రజ యెవరు, ఎందఱు, ఏ వీథివారు అను ప్రశ్నకు వ్యాకరణమున సమాధానము లేదు, చరిత్రముననే వెదకవలెను. హైదరాబాదు పాతనగరపు చరిత్రము ఈ వెదకులాటకు మిక్కిలి తగినది. ఏలయన నొకే నదికి రెండొడ్డుల, ఒకే ప్రభుత్వము క్రింద, ఒకే కాలమున, ఆరోగ్యము రెండు విధములుగ నడచిన నగర మది.

ప్రాచీనులు ఈ విషయమును ఎఱుఁగనివారు కారు. చరకసంహితయందలి విమానస్థానమున జనపదోద్ధ్వంసనీయమను నధ్యాయము కలదు. ప్రకృతిచేతను, ఆహారముచేతను, వయస్సుచేతను వేఱువేఱైన జనులు ఒక్కమాఱుగా నొకే వ్యాధిచేత నేల నశింతురని అగ్నివేశుఁడు ప్రశ్నించెను. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందఱికి సామాన్యములనియు, అవి చెడినప్పుడు జనపదమే చెడుననియు ఆత్రేయుఁడు సమాధానము చెప్పెను. అంతటితో నాఁగక, ఆ నాలుగును చెడుటకు మూలము అధర్మమనియు, దేశమునకును నగరమునకును ప్రధానులైనవారు ధర్మము తప్పి పాలించుటతో నది మొదలై, వారి నాశ్రయించినవారిలోను, పౌరులలోను, వర్తకులలోను పెరుగుననియు వివరించెను. శతాబ్దము లెన్నియో గడచిన తరువాత, 1848లో, జర్మనుదేశపు వైద్యుఁడు రుడాల్ఫు విర్కో ఎగువ సైలీషియాలోని టైఫసు జ్వరమును పరీక్షింపఁబోయి, ఆ ప్రజలకు మందులకంటె విద్యయు, స్వాతంత్ర్యమును, స్వపరిపాలనమును ఆవశ్యకములని నివేదించెను. ఇరువురును వ్యాధికి మూలమును రోగిశరీరమున మాత్రమే కాక పరిపాలనమున వెదకిరి.

కౌటిలీయార్థశాస్త్రమున మఱియొక విశేషము కలదు. వీథిలో మన్ను పోసినవానికి పణమున ఎనిమిదవ వంతును, బురదనీరు నిలువఁజేసినవానికి నాలుగవ వంతును దండమని విధించి, రాజమార్గమైనచో నది రెండింతలని కౌటిల్యుఁడు చెప్పెను. ఆ దండము శుభ్రతకొఱకే యైనను, రాజు నడచుత్రోవకును సామాన్యులు నడచుత్రోవకును నడుమ శాస్త్రముననే తారతమ్యము ప్రవేశించినది. భాగ్యనగరమున నీ తారతమ్యము నాలుగువందల యేండ్లు వేఱువేఱు రూపములఁ గనఁబడినది.

ఆ నగరపు జన్మమే వ్యాధితో ముడిపడియున్నదని జనశ్రుతి. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీనదికి దక్షిణతీరమున క్రొత్తనగరమును స్థాపించి, దాని నడుమ చార్మినారును కట్టించెను. మహామారి శమించినందులకు గుఱుతుగా నది కట్టఁబడెనని యొక కథ పరంపరగా వచ్చుచున్నది. కథ యెట్లున్నను, గోలకొండ కోటలో నీటికొఱతయు జనసమ్మర్దమును పెరిగి క్రొత్తనగరము కావలసివచ్చెనని చరిత్రకారులు అంగీకరింతురు. 1595లో కుతుబ్‌షా దారుష్షిఫా యను పేర నొక వైద్యశాలను కట్టించెను. ‘స్వస్థతకు ఇల్లు’ అని యా పేరునకు అర్థము. విశాలమైన ముంగిలి చుట్టును రెండంతస్తుల గదులు గల యా కట్టడమున రోగులు వసించుచు యూనానీ చికిత్స పొందెడివారు. విద్యార్థులు వైద్యము నేర్చుకొనెడివారు. నగరము పుట్టిన నాలుగేండ్లకే ప్రభువు వైద్యశాల కట్టించుట ప్రశంసింపఁదగిన విషయము. కాని రాజుయొక్క దయమీఁద నిలిచిన సంస్థకు ఆ రాజవంశముతోడనే యాయువు ముడిపడియుండును. తరువాతి కాలమున దారుష్షిఫా వైద్యశాలగా నుండుట మానెను. పేటకు పేరు మాత్రము మిగిలెను.

ఆసఫ్‌జాహీల కాలమున పాశ్చాత్యవైద్యము ప్రవేశించెను. 1846లో హైదరాబాదు వైద్యపాఠశాల స్థాపింపఁబడెను. 1866లో మూసీ యుత్తరపుటొడ్డున అఫ్జల్‌గంజి ఆసుపత్రి తెఱవఁబడెను. 1869లో మొదటి సాలార్‌జంగు మంత్రిత్వమున పురపాలనము ఏర్పడెను. నగరమును నాలుగు భాగములుగను, చాదర్‌ఘాటు శివారును ఐదు భాగములుగను విభజించి, వాని పాలనమంతయు నగరపు కొత్వాలుకు, అనఁగా రక్షకభటాధికారికి అప్పగించిరి. వీథులు ఊడ్పించుటయు, మురుగు తీయించుటయు, దొంగలఁ బట్టుటయు నొకే చేతిపని యయ్యెను. ప్రజల యారోగ్యము ప్రజల హక్కుగాఁ గాక వీథులయందలి శాంతిభద్రతలలో నొక భాగముగాఁ దలఁపఁబడినదనుట కిది తార్కాణము.

1886లో చాదర్‌ఘాటు వేఱొక పురపాలకసంఘ మయ్యెను. నది కుత్తరమున నున్న యా భాగమున ఉద్యోగులును, విదేశీయులును, క్రొత్తగా ధనవంతులైనవారును ఎక్కువగ నివసించుచుండిరి. దాని ప్రక్కనే బ్రిటిషు రెసిడెన్సీయు, దాని యధికారము క్రింది బజారులును ఉండెను. మఱికొంత దూరమున సికింద్రాబాదు దండుప్రదేశము ఆంగ్లసైన్యపు నియమములతో నడచుచుండెను. ఇట్లు కొద్ది క్రోసుల లోపల వేఱువేఱు పాలనములు, వేఱువేఱు శుభ్రతానియమములు ఏర్పడెను. రెసిడెన్సీ బజారులు 1933లో నిజాముప్రభుత్వమునకు తిరిగివచ్చెను. చాదర్‌ఘాటు పురపాలకసంఘము ఆ యేఁటనే హైదరాబాదుతోఁ గలిసెను. ఆ మధ్యనున్న సుమారు అర్ధశతాబ్దము నగరపు టారోగ్యచరిత్రమునకు మిక్కిలి ముఖ్యమైనది.

ఈ కాలముననే హైదరాబాదు పేరు వైద్యలోకమున దేశాంతరములకు వ్యాపించెను. వైద్యపాఠశాలకు ముఖ్యుఁడైన ఎడ్వర్డు లారీ క్లోరోఫారము గుండెకు హానిచేయదని వాదించెను. నిజాము మహబూబలీఖాను ధనసాహాయ్యముతో 1888లోను 1889లోను క్లోరోఫారము పరిశోధకసంఘములు అఫ్జల్‌గంజిలో పనిచేసెను. లండను లాన్సెట్టు పత్రిక పక్షమున లాడరు బ్రంటను వచ్చి రెండవ సంఘమునఁ బాల్గొనెను. లారీ సిద్ధాంతము సరికాదనియు, క్లోరోఫారము గుండెలయను హఠాత్తుగఁ జెఱుపఁగలదనియు 1911లో లెవీ పరిశోధనములవలన తేలినది. అయినను శస్త్రచికిత్సలో మత్తుమందు విషయమున నంతటి విరివియైన పరిశోధనము జరుగుట సామాన్యవిషయము కాదు. ఆ పాఠశాలయందే 1889లో రూపాబాయి ఫర్దూన్‌జీ పట్టము పొంది, మత్తుమందు వైద్యమున పనిచేసిన తొలి స్త్రీలలో నొకతెగా ప్రసిద్ధికెక్కెను. 1897 ఆగష్టు 20వ తేదిని సికింద్రాబాదు బేగంపేటలో రోనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుఁగొనెను. ఆ దోమలకుఁ దన శరీరమునిచ్చి కుట్టించుకొన్న రోగి హుసేన్‌ఖాను. దోమ కొక యణా చొప్పున అతనికి ముట్టెను. రాసునకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను.

విద్యయం దింత యున్నతి కలిగినను, చార్మినారు చుట్టునున్న సందులలో దాని ఫలము కనఁబడలేదు. ప్రభువర్గమువారి దేవిడీలకు ఎత్తైన ప్రహరీలును, సొంత బావులును, తోఁటలును ఉండెను. ఆ ప్రహరీల నడుమ మిగిలిన సందులలో మట్టిగోడల యిండ్లు ఒకదాని వీఁపున నొకటి యానుకొనియుండెను. నీరు బావులనుండియు, పందొమ్మిదవ శతాబ్ది మొదట కట్టిన మీరాలము చెఱువునుండియు వచ్చెడిది. భిస్తీలు తోలుతిత్తులతో మోసి తెచ్చెడివారు. తిత్తికి వెల యిచ్చుకొనలేనివారికి దగ్గఱి బావియే గతి. మురుగునకు కాలువలు చాలకుండెను. మలమును తలమీఁద మోసి తీసివేయు పాకీపనివారు నగరమున శుభ్రతకు ఆధారము. వారికి నగరమున గౌరవస్థానము మాత్రము లేదు. ఆ పనిని నిషేధించు శాసనము 1993లోను, దానికంటె కఠినమైన శాసనము 2013లోను భారతదేశమున వచ్చెను. అనఁగా శుభ్రతకు ఆధారమైనవారిని శాసనము గుర్తించుటకు శతాబ్దమునకుమించిన కాలము పట్టినది.

1908 సెప్టెంబరు 28వ తేదిని మూసీ పొంగెను. ఆ నదీప్రాంతమున నున్న 788 చెఱువులలో 221 తెగినవని విశ్వేశ్వరయ్యగారు పిమ్మట లెక్కించిరి. అఫ్జల్‌గంజి, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయెను. కుతుబ్‌షాహీల నాఁటి పురానాపూలు దెబ్బతినియు నిలిచెను. అఫ్జల్‌గంజి ఆసుపత్రి కూలెను. ఆ యావరణమున నున్న యొక చింతచెట్టు నెక్కి 150 మంది బ్రదికిరని ప్రసిద్ధి. మృతులు 15,000 వఱకు నుందురని తఱచుగాఁ జెప్పఁబడుచున్నది. మహబూబలీఖాను తన భవనముల తలుపులు తెఱపించి నిరాశ్రయులకు ఆశ్రయమును అన్నమును ఇచ్చెను. ఆ దయను చరిత్రము మఱవరాదు. కాని దయకును వ్యవస్థకును భేదము కలదు. వరద యందఱిమీఁదికిని వచ్చెను. అయినను రాతికట్టడమున నున్నవాఁడు మేడ యెక్కెను, నదియొడ్డున మట్టియింట నున్నవానికి ఇల్లే సమాధి యయ్యెను. నీటికి పక్షపాతము లేదు, ఇండ్లకుఁ గలదు.

1909లో ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. నగరమునకు పైభాగమున మూసీమీఁదను, దాని యుపనదియైన ఈసీమీఁదను జలాశయములు కట్టి వరదను నిలుపవలెననియు, నగరమునకు మురుగుకాలువల పద్ధతి యేర్పఱుపవలెననియు ఆయన సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను. వరదలను ఆఁపుటకుఁ బుట్టిన జలాశయములే నగరమునకు త్రాగునీరిచ్చెను. ఇట్టి దూరదృష్టి నాఁటి సంస్థానములలో నరుదు. అయితే వరుసను గమనింపవలెను: నీరు ముందు వచ్చెను, మురుగుకాలువలు తరువాత వచ్చెను. భూమిలోని మురుగుకాలువల పని 1931 ప్రాంతమున దక్షిణతీరమున జరిగెను. గొట్టములగుండ నీరు వచ్చి, వాడిన నీరు పోవుటకు త్రోవ లేనప్పుడు, ఆ నీరు ఇఱుకుసందులలో నిలుచును. నీరు తెచ్చుట ప్రభువునకు కీర్తి. మురుగు తీయుట కంటికిఁ గనఁబడని పని.

జలాశయపు పని మొదలిడకముందే నగరమును మహామారి పట్టెను. 1896లో బొంబాయిలో ప్రవేశించిన గడ్డలజ్వరము, అనఁగా ప్లేగు, 1911లో హైదరాబాదునందు విజృంభించెను. దాని క్రిమిని 1894లో యెర్సిను హాంకాంగున కనుఁగొనెను. ఎలుకలమీఁది గోమారులవలన నది వ్యాపించునని సిమాండు 1898లో చూపెను. భారతదేశమున నీ వ్యాధికి 1896 తరువాతి దశాబ్దములలో కోటికిపైగా జనులు బలియైరి. ఎలుకలు మట్టిగోడలలో బొఱియలు చేయును. ధాన్యము నిలువయున్న చోట నిలుచును. కాఁబట్టి రాతిగచ్చు వేయించుకొన్నవాని యింటికంటె మట్టినేలమీఁద బియ్యపుబస్తా ప్రక్కనే పండుకొనువాని యింటికి వ్యాధి ముందు వచ్చును. కౌటిల్యుఁడు జనపదమునకుఁ గలుగు మహాభయములలో వ్యాధిని, దుర్భిక్షమును, మూషికములను వరుసగాఁ జెప్పెను. ఈ మూఁడును నొకే యింటఁ జేరినప్పుడు ప్లేగు పుట్టును. దాని వెనుకనే 1918లో ఇన్‌ఫ్లుయంజా వచ్చెను. 1911లో 5 లక్షలకుఁ బైబడియుండిన నగరజనసంఖ్య 1921 నాఁటికి 4 లక్షల 4 వేలకు దిగెను. మరణములును, భయముచేత జనులు నగరమును విడచిపోవుటయును రెండును దీనికి కారణములు. పోవుటకు తోఁటయో, గ్రామమున భూమియో, బండికి కిరాయియో ఉన్నవాఁడు పోయెను, లేనివాఁడు నిలిచెను.

ప్లేగును అడ్డుటకు రోగులను వేఱుచేయు పద్ధతి ప్రవేశించెను. 1915 ప్రాంతమున నగరమున నిందుకై యొక యాసుపత్రి యేర్పడి, పిమ్మట నల్లకుంటకు మాఱెను. దానినే జనులు ‘కోరంటి దవాఖానా’ యనిరి. ‘క్వారంటీను’ అను పరదేశశబ్దము ప్రజల నోట నరిగి ‘కోరంటి’ యయినది. ఓడలను రేవున నిలిపి నలువది దినములు కాచుట యను ఇటలీ యాచారమునుండి పుట్టిన పదమది. నలువది యను సంఖ్యయే దాని ధాతువు. తెలుఁగున నది సంఖ్యను పోఁగొట్టుకొని భయమును మాత్రము నిలుపుకొనెను. ఈ భయమునకు కారణము లేకపోలేదు. బ్రిటిషు ఇండియాలో 1897 నాఁటి సాంక్రామికవ్యాధుల శాసనము ననుసరించి పూనాలో ఇండ్లలోఁ జొరఁబడి స్త్రీపురుషులను పరీక్షించి, వస్తువులను పాఱవేసి, రోగులను బలవంతముగఁ గొనిపోయిరి; అందలి క్రోధమున నా యేఁటి జూనులో ప్లేగు అధికారి రాండు చాపేకరు సోదరులచేత హతుఁడయ్యెను. ఆరోగ్యము పేర వచ్చు భటుఁడు పేదవాని తలుపునే మొదట తట్టును. పరదా గల కుటుంబములలో పరపురుషుఁడు నాడిపట్టుటయే యొప్పుకొనరాని దైనప్పుడు, భయము మఱింత పెరుగుట సహజము.

ఈ సందర్భమున నొక చరిత్రపురుషుని ప్రత్యేకముగఁ దలఁపవలెను. మాదరి భాగ్యరెడ్డివర్మ 1888లో హైదరాబాదున జన్మించి, 1906లో జగన్మిత్రమండలిని, 1911లో మాన్యసంఘమును స్థాపించెను. నగరము అంటరానివారని వెలివేసిన జాతులకు ఆదిహిందువులను పేరు నిలిపి, వారి బాలురకు పాఠశాలలు పెట్టెను. 1912లో ఆయన యేర్పఱచిన స్వస్తికదళపు సేవకులు ప్లేగు, ఇన్‌ఫ్లుయంజా ప్రబలినప్పుడు రోగులకు పరిచర్య చేసి, దిక్కులేని శవములను మోసి సంస్కారము చేసిరి. బంధువులే వెఱచి విడచిన శరీరములను తాఁకినవారు, ఆ బంధువుల వీథులలో తాఁకరానివారుగా నెంచఁబడినవారే. ధర్మశాస్త్రమున శవసంస్కారము పుణ్యకార్యములలోఁ జేర్పఁబడినది. దానిని చేసినవారికి ఆ పుణ్యమును గౌరవమును నగరము లెక్కింపలేదు. 1917లో బెజవాడలో జరిగిన యాదిహిందూ మహాసభకు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుఁడయ్యెను, 1939లో మరణించెను. ప్రజారోగ్యపు చరిత్రమును జలాశయములచేతను ఆసుపత్రులచేతను మాత్రమే వ్రాయువారు ఈ సేవకులను విడచినచో సగము చరిత్రము వ్రాసినవా రగుదురు.

వరదయు ప్లేగును కలిసి 1912లో నగరాభివృద్ధిసంఘమును పుట్టించెను. ఆంగ్లమున దాని పేరు సిటీ ఇంప్రూవుమెంటు బోర్డు. ఉర్దూలో ‘ఆరాయిషె బల్దా’. పారసీకమున ఆరాయిషనఁగా అలంకారము. ఒకే సంఘమునకు ఒక భాషలో బాగుచేయుట యనియు, మఱియొక భాషలో అలంకరించుట యనియు పేరుండుట యాదృచ్ఛికము కావచ్చును. కాని దాని పనులు ఈ రెండర్థములను చూపినవి. ఇఱుకుపేటలను కూల్చి త్రోవలు వెడల్పుచేసిరి. పథర్‌గట్టి వీథిని రాతికమానులతో కట్టిరి. నదియొడ్డున ఉన్నతన్యాయస్థానము, నగరకళాశాల, ఉస్మానియా ఆసుపత్రి లేచెను. విన్సెంటు ఎష్ రూపొందించిన యా యాసుపత్రి 1925 ప్రాంతమున, కూలిన అఫ్జల్‌గంజి ఆసుపత్రికి బదులుగ నిలిచెను. మల్లేపల్లి, ఆజంపురా మొదలైన చోటుల పేదలకును చిన్నయుద్యోగులకును గాలివెలుతురు గల యిండ్లు కట్టి యద్దెకిచ్చిరి. భారతదేశమున నిట్టి గృహనిర్మాణమును అంత ముందుగఁ జేపట్టిన నగరములు కొన్ని మాత్రమే.

అయితే కూల్చిన యిండ్లెన్ని, వారిలో క్రొత్తయిండ్లలో చేరఁగలిగినవారెందఱు అను ప్రశ్న ఇట్టి ప్రతి కార్యమునను అడుగవలసినదే. సందు కూలఁగా వీథి యారోగ్యవంతమగును. ఆ సందులో నుండినవాఁడు అద్దె యిచ్చుకొనలేనివాఁడైనచో వేఱొక సందును వెదకికొనును. ఇఱుకు తొలఁగదు, చోటు మాఱును. ఎదురువైపు వీథి బాగుపడుట కంటికి కనఁబడును; దానికి వెనుక మఱియొక యిఱుకు పుట్టుట కనఁబడదు.

ఇందుకు తోడు ప్రభువర్గము నది దాఁటుట యారంభమయ్యెను. ఏడవ నిజాము మీరు ఉస్మానలీఖాను ఉత్తరతీరమున కింగుకోఠిలో నివసించెను. ఉన్నతోద్యోగులును, ధనికులును క్రమముగ నా దిక్కునకే తరలిరి. విశ్వవిద్యాలయమును నది కుత్తరముననే వెలసెను. రాజు నివసించినంతకాలము చార్మినారు వీథి రాజమార్గము. రాజు వెడలిన పిమ్మట కౌటిల్యుని రెండింతల దండము వేఱొక త్రోవకు వర్తించెను. పాతనగరమున 1920 తరువాత కట్టఁబడినవానిలో చార్మినారు ప్రక్కనున్న నిజామియా యూనానీ ఆసుపత్రి ముఖ్యమైనది. ప్రజలకు పరిచితమైన వైద్యమును వారి వాకిటికే తెచ్చుట యందు దాని విలువ కలదు.

నిజాముల పక్షమున వాదించువారు ఈ పనుల నన్నిటిని చూపి, సంస్థానమున ప్రజాప్రతినిధిసభ లేకున్నను ప్రజాహితము జరిగినదందురు. అది నిజమే. ప్రతిపక్షమువారు ఆ హితము ప్రభువు చూపున కందిన మేరకే జరిగినదందురు. అదియును నిజమే. ఈ రెండును పరస్పరవిరుద్ధములు కావు. దాతయే ప్రమాణమైన చోట దానము గొప్పదిగా నుండవచ్చును; కాని గ్రహీత దాని కొలఁతను అడుగలేఁడు. ప్రశ్నింపఁగల యధికారము లేని ప్రజకు ఆరోగ్యము ప్రసాదముగ వచ్చును, హక్కుగ రాదు.

1948 తరువాత రాజు పోయెను, ఓటు వచ్చెను. కనుక తారతమ్యము పోవలసియుండెను. జరిగినదేమనఁగా, నీలోఫరు ఆసుపత్రియు, గాంధి ఆసుపత్రియు, పంజగుట్టలోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థయు నది కుత్తరముననే పెరిగెను. మంజీర, కృష్ణ, గోదావరీ జలములు వరుసగ నగరమునకు వచ్చినను, చివరిసందునకు నీరు వచ్చు వేళయు, దాని శుభ్రతయు వేఱుగనే యుండెను. 2009 మే నెలలో నగరమునందలి భోలక్‌పురమున త్రాగునీటిగొట్టములలో మురుగు కలిసి పదిమందికి పైగా మరణించిరి. 2018 నుండి బస్తీ దవాఖానలు పేదపేటలలో తెఱవఁబడుచు వచ్చెను. చిన్నరోగమునకు దినకూలి పోఁగొట్టుకొని పెద్దయాసుపత్రి వాకిట నిలువవలసిన బాధ దీనిచేతఁ గొంత తగ్గినది. 2020 అక్టోబరు నెలలో కుండపోతవానలు కురియఁగా పల్లెచెఱువును, గుఱ్ఱముచెఱువును తెగి పాతనగరపు దక్షిణభాగమున పేటలను ముంచెను. 1908లో తెగిన 221 చెఱువుల కథ నూటపండ్రెండేండ్లకు మఱల జరిగినది. చెఱువు పొలములోను నాలా యొడ్డునను చవుకగా దొరకిన భూమిలో కట్టుకొన్నవారే నాఁడును నేఁడును ముందు మునిఁగిరి.

ఆ యేఁటి జూలైలోనే ఉస్మానియా ఆసుపత్రి పాతభవనపు వార్డులలో వాననీరు నిలువఁగా, రోగులను తరలించి యా భవనమును మూసిరి. 2025 జనవరి 31న గోషామహలులో క్రొత్త భవనమునకు శంకుస్థాపన జరిగెను. అదియును నది కుత్తరముననే. చార్మినారు, శాలిబండ, చాంద్రాయణగుట్ట ప్రాంతములనుండి రోగిని తెచ్చువారు ఎప్పటివలెనే మూసీ దాఁటి రావలసియుందురు.

ఈ చరిత్రమును పరిశీలించినచో నొక క్రమము కనఁబడుచున్నది. వ్యాధియో వరదయో వచ్చినపిమ్మటనే వ్యవస్థ వచ్చినది. వచ్చిన వ్యవస్థ రాజమార్గమునుండి మొదలై సందునకు ఆలస్యముగఁ జేరినది. నడుమ కాలమున భారమును మోసినవారు భిస్తీలు, పాకీపనివారు, శవవాహకులు మొదలైనవారు. చరకుఁడు చెప్పిన వాయూదకదేశకాలములు నాలుగును సర్వసామాన్యములు గనుక, ఒక సందునందలి మురుగు దేవిడీ బావిలోనికిని పోవును, ఒక గుడిసెలోని ఎలుక మేడలోనికిని పాఱును. సందులోని నీరు చెడియుండఁగా రాజవీథి యారోగ్యము నిలువదను సంగతిని 1911 నాఁటి నగరము కొన్ని సంవత్సరములలో ప్రాణములిచ్చి నేర్చుకొనెను. పాఠశాలలో ‘ప్రజారోగ్యము’ అను సమాసమునకు విగ్రహము చెప్పించు పండితులు, ‘ప్రజల యొక్క’ అను బహువచనము వద్ద నొకింత నిలిచి, ఆ బహువచనమున కింగుకోఠియు, శాలిబండ వెనుకసందును సమముగఁ జేరినవా యని విద్యార్థులను అడుగుట మేలు.